సముద్ర సరిహద్దు, తూర్పు నౌకాదళం, తొలితరం అధికారులు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా చలికాలంలో మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను ఆర్‌కే బీచ్‌కు తీసుకెళ్తాను. కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా టీయూ-142 విమానం, కొంచెం దూరంలో 1971 యుద్ధ స్మారకం చూపిస్తాను. నేను బోధించేది సాంఘిక శాస్త్రం. పాఠ్యపుస్తకంలో ఈ తీరం గురించి ఉన్నది చాలా తక్కువ కాబట్టి మిగిలినది అక్కడే నిలబడి చెబుతాను. పిల్లలు అడిగిన ప్రశ్నలు, సాయంత్రం వాళ్ల తల్లిదండ్రులు ఫోను చేసి అడిగిన ప్రశ్నలు ఎన్నో ఏళ్లుగా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. అందులో మళ్లీ మళ్లీ వచ్చినవి ఇవి.

సముద్రంలో సరిహద్దు ఎక్కడ ఉంటుంది? గీత లాంటిది ఏదైనా కనిపిస్తుందా?

ఏమీ కనిపించదు. ఇసుకలో నిలబడి చూస్తే నీరు ఆకాశాన్ని తాకే చోటు మనకు దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దేశ ప్రాదేశిక జలాలు అంతకు నాలుగు రెట్లకు పైగా దూరం, అంటే 12 నాటికల్ మైళ్ల వరకు ఉంటాయి. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి అది సుమారు 22 కిలోమీటర్లు. తీరంలో ఎంతసేపు నిలబడినా సరిహద్దు మన కంటికి ఆనదు. పిల్లలకు ముందుగా చెప్పే మాట ఇదే.

1976లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఈ 12 మైళ్ల లోపల సార్వభౌమాధికారం మనదే. అయినా ఇతర దేశాల వాణిజ్య నౌకలు ఎవరికీ హాని తలపెట్టకుండా ఆ నీళ్లలోంచి వెళ్లవచ్చు. 24 మైళ్ల వరకు కస్టమ్స్ వంటి విషయాల్లో తనిఖీ చేసే అధికారం మనకు ఉంది. 200 మైళ్ల వరకు, అంటే దాదాపు 370 కిలోమీటర్ల దాకా ఉన్నది ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడి చేపల మీద, అడుగున ఉన్న చమురు, గ్యాస్ మీద హక్కు మనదే, నీళ్ల మీద రాకపోకలు మాత్రం అందరివీ. పొలం గట్టు తెలిసిన మనకు ఈ పద్ధతి వింతగా తోస్తుంది. గట్టుకు ఇవతల అంతా నాది, అవతల అంతా నీది అనే లెక్క సముద్రంలో చెల్లదు. దూరం పెరిగేకొద్దీ హక్కు పలచబడుతుంది, కాపలా మాత్రం కష్టమవుతుంది.

పొరుగు దేశం దగ్గరగా ఉన్నచోట ఇద్దరూ కూర్చుని గీత తేల్చుకోవాలి. శ్రీలంకతో 1974, 1976 ఒప్పందాల్లో అది తేలింది. బంగాళాఖాతం పైభాగంలో బంగ్లాదేశ్‌తో ఉన్న తగాదా 2014 జూలైలో అంతర్జాతీయ ట్రైబ్యునల్ తీర్పుతో ముగిసింది.

ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని చదివాం. ఇప్పుడు 1,053 అంటున్నారు. ఏది సరి?

రెండూ సరే. పాత కొలతలో చిన్న చిన్న వంపులు లెక్కకు రాలేదు. మరింత సూక్ష్మంగా కొలిచినప్పుడు దేశ తీరం మొత్తం 7,516 కిలోమీటర్ల నుంచి 11,098కి, మన రాష్ట్రానిది 1,053కి పెరిగాయి. నేల పెరగలేదు, కొలబద్ద సన్నబడింది. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నదే రాయండి.

తీరాన్ని కాపాడేది కోస్ట్‌గార్డ్ కాదా? మధ్యలో నౌకాదళం ఎందుకు?

మూడు దళాలూ ఉన్నాయి. తీరాన్ని ఆనుకుని ఉన్న నీళ్లలో రాష్ట్ర ప్రభుత్వ మెరైన్ పోలీసులు, ఆ అవతల కోస్ట్‌గార్డ్, ఇంకా దూరాన నౌకాదళం గస్తీ తిరుగుతాయి. కోస్ట్‌గార్డ్ పుట్టింది 1977లో, దానికి చట్టం వచ్చింది 1978లో. అంతకుముందు దొంగ రవాణాను అడ్డుకునే పని కూడా నౌకాదళం నెత్తినే ఉండేది. ఆ పనికి వేరే దళం ఉండాలని గట్టిగా కోరింది కూడా నౌకాదళమే. కోస్ట్‌గార్డ్ తొలి డైరెక్టర్ జనరల్ వైస్ అడ్మిరల్ వీఏ కామత్ నౌకాదళం నుంచి వచ్చినవారే.

ఈ మూడింటినీ ఒక తాటి మీదికి తెచ్చింది 2008 నవంబరు 26. కరాచీ నుంచి బయలుదేరిన పదిమంది నడిసముద్రంలో 'కుబేర్' అనే మన చేపల బోటును చేజిక్కించుకుని ముంబై తీరం చేరారు. వాళ్లు వచ్చింది యుద్ధనౌకలో కాదు. వేల బోట్ల మధ్య మరో బోటులా వచ్చారు. ఆ తరువాత 2009 ఫిబ్రవరిలో తీర భద్రతతో సహా మొత్తం సముద్ర భద్రత బాధ్యతను కేంద్రం నౌకాదళానికి అప్పగించింది. ముంబై, విశాఖపట్నం, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లలో సంయుక్త కార్యకలాపాల కేంద్రాలు ఏర్పడ్డాయి. నౌకాదళ స్థావరాల కాపలాకు వెయ్యిమందితో, 80 వేగవంతమైన పడవలతో సాగర్ ప్రహరీ బల్ అనే ప్రత్యేక దళం పుట్టింది. 2019 జనవరి నుంచి 'సీ విజిల్' పేరుతో దేశం తీరమంతటా ఒకేసారి విన్యాసం జరుపుతున్నారు. ఆ రోజుల్లో మీ వీధి చివర పోలీసు పడవ తాలూకు సిబ్బంది సాధారణ దుస్తుల్లో కనిపిస్తే కంగారు పడకండి. చొరబాటుదారుల పాత్ర వేసేవాళ్లను పట్టుకోవడం ఆ విన్యాసంలో భాగం.

మత్స్యకారులకు ఇందులో ఏం పని?

అందరికంటే ముందు పని వాళ్లదే. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

ఒకసారి తెల్లవారుజామున మా పిల్లలను చేపల రేవుకు తీసుకెళ్లాను. ఒక మరబోటు వేటకు సిద్ధమవుతోంది. ఇద్దరు కళాసీలు మంచు దిమ్మలను పగలగొట్టి గంపలతో అడుగు గదిలోకి జారవిడుస్తున్నారు. బోటు నడిపే సరంగు డీజిల్ డ్రమ్ములు లెక్కపెట్టుకుని చొక్కా లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశాడు. దాన్ని రబ్బరు బ్యాండుతో మూడు చుట్లు చుట్టి ఉంచాడు. అందులో బోటు రిజిస్ట్రేషన్ కాగితం, లైసెన్సు, తొమ్మిదిమంది గుర్తింపు కార్డులు ఉన్నాయి. తడి చేతులను లుంగీకి తుడుచుకుని ఒక్కొక్క కార్డూ తీసి, పేరు చదివి, మనిషిని చూసి మళ్లీ లోపల పెట్టాడు. "సముద్రం మీద మా ముఖం ఇదే బాబూ" అన్నాడు మా పిల్లవాడితో. అలాంటి బోటును నడిసముద్రంలో గస్తీ నౌక ఆపినప్పుడు, లోపల ఉన్నవాళ్లు మనవాళ్లని తేల్చేది ఆ ప్లాస్టిక్ సంచే.

మరో సంగతి ఉంది. నీళ్ల మీద కొత్త బోటు తిరిగితే రాడార్‌కు అది ఒక చుక్క మాత్రమే. సరంగుకు మాత్రం దాని ముక్కు కట్టిన తీరు, ఇంజను చప్పుడు, వల వేసే పద్ధతి చూడగానే ఏ ఊరిదో తెలుస్తుంది. భీమిలి నుంచి పూడిమడక దాకా ఈ చూపు ఉన్నవాళ్లు వేలమంది. అనుమానం కలిగితే కోస్ట్‌గార్డ్‌కు 1554, మెరైన్ పోలీసులకు 1093 నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రమాదంలో ఉన్నా ఇవే నంబర్లు. చిన్న బోట్లకు ఇస్రో పరిజ్ఞానంతో తయారైన ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్రం దేశవ్యాప్తంగా లక్ష బోట్ల లక్ష్యంతో చేపట్టింది. సిగ్నలు అందని దూరంలో కూడా వాటి నుంచి సందేశం పంపవచ్చు, తుపాను హెచ్చరిక అందుకోవచ్చు, గీత దగ్గరపడితే తెలుసుకోవచ్చు.

గీత దాటితే ఏమవుతుందో ఉత్తరాంధ్రకు అనుభవమే. గుజరాత్ బోట్లలో కూలికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 20 మంది 2018 చివరలో పాకిస్తాన్‌కు చిక్కారు. వాఘా దగ్గర స్వదేశంలో అడుగుపెట్టింది 2020 జనవరిలో. ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఊహించండి. సరిహద్దు భద్రత అనగానే మనకు తుపాకులే గుర్తుకొస్తాయి. పేద మనిషి తెలియక గీత దాటకుండా చూడటం కూడా దానిలో భాగమేనని నేను నమ్ముతాను.

1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిందన్నది నిజమేనా? సినిమా కథలా ఉంటుంది.

నిజం. కథలా ఉండటానికి కారణం, దాన్ని ఒక మనిషి కూర్చుని అల్లడమే.

అప్పటికి మన విమానవాహక నౌక విక్రాంత్ ఒక్కటే. దాని నాలుగు బాయిలర్లలో ఒకటి బీటలు వారింది, పూర్తి వేగంతో పరుగెత్తలేదు. దాన్ని తూర్పు తీరానికి పంపారు. దాన్ని ముంచగలిగితే తూర్పు పాకిస్తాన్ సముద్ర మార్గం పాకిస్తాన్‌కు దక్కేది. వాళ్ల దగ్గర అంత దూరం వచ్చి పని ముగించుకుని తిరిగి వెళ్లగలిగిన జలాంతర్గామి కూడా ఒక్కటే, ఘాజీ. అమెరికాలో 'డయాబ్లో' పేరుతో 1944లో నీళ్లలోకి దిగిన నౌక అది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది.

తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఘాజీ వస్తుందని ఆయన ముందే పసిగట్టారు. విక్రాంత్‌ను దూరంగా అండమాన్ దీవుల చాటున ఉంచి, అది విశాఖలోనే ఉన్నట్టు నాటకం ఆడించారు. 'రాజ్‌పుత్' అనే పాత డిస్ట్రాయర్‌ను ముందుకు తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నౌక అది, రేపో మాపో సెలవు తీసుకోవలసిన వయసు. విక్రాంత్ పంపినట్టుగా పెద్ద ఎత్తున వైర్‌లెస్ సందేశాలు పంపమని దానికి చెప్పారు. ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు తంతి భాషలో ఒక సందేశం కూడా పంపించారు. విమానవాహక నౌకలోని వందలమందికి సరిపడా మాంసం, కూరగాయలు కావాలని బజారులో పెద్ద ఆర్డర్లు పెట్టించారు. కబురు బజారులో పడితే ఎక్కడికైనా చేరుతుందని ఆయనకు తెలుసు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఈ కూరగాయల ఆర్డరే. దేశం అంతటి యుద్ధ వ్యూహంలో మన ఊరి బజారు ఒక పావు అయింది. ఎవరికీ తెలియకుండానే ఊరు ఆ నాటకంలో నటించింది.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన దాడికి దిగాయి, యుద్ధం మొదలైంది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడుపుతున్న రాజ్‌పుత్ అర్ధరాత్రికి కాస్త ముందు దీపాలు ఆర్పుకుని రేవు దాటింది. నీటి మీద ఏదో కదలిక కనిపించి రెండు డెప్త్ చార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, వదిలింది. పన్నెండుంపావు ప్రాంతంలో పెద్ద పేలుడు తీరాన్ని కుదిపేసింది. తెల్లవారాక నీళ్ల మీద చమురు తెట్టు, తేలుతున్న సామాను కనిపించాయి. డైవర్లు దిగి చూసి అది ఘాజీయేనని తేల్చారు. అందులో ఉన్న తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగలలేదు. మన ప్రభుత్వం ఆ సంగతిని ప్రకటించింది డిసెంబరు 9న.

ఘాజీని రాజ్‌పుత్ ముంచిందా, దానంతట అదే పేలిందా?

రెండు వాదనలూ ఉన్నాయి. డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపల పేలుడు జరిగిందని, లేదా తాను పరిచిన మైన్లకే (నీటిలోని మందుపాతరలకే) తగిలిందని పాకిస్తాన్ చెబుతుంది. పిల్లలకు నేను రెండూ చెబుతాను. కృష్ణన్ వేసిన ఎర విలువ దీనివల్ల తగ్గదు. ఎలా పేలినా, ఘాజీ విక్రాంత్ లేని చోట విక్రాంత్ కోసం వెతుకుతూ మునిగింది. ఆ నిశ్చింతతోనే డిసెంబరు 4న విక్రాంత్ మీది సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీదికి వెళ్లాయి. తూర్పు రేవులన్నీ దిగ్బంధమయ్యాయి. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగినప్పుడు వెనుక నిలబడిన వాళ్లలో కృష్ణన్ కూడా ఉన్నారు.

ఘాజీ ఇప్పుడు ఎక్కడ ఉంది? బయటికి తీయవచ్చా?

మన తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున ఉంది. లోతు నీళ్లలో మనుషులను కాపాడే నౌకాదళ వాహనం ఒకటి దాని శకలాలను గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. అది నాకు ఎంతో నచ్చిన నిర్ణయం. శత్రువు నావికుడికి కూడా సముద్రమే సమాధి, దాన్ని తవ్వకూడదు.

మన నీళ్లలో మునిగిన జలాంతర్గామి ఇది ఒక్కటే కాదు. 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్‌వో-110ని అప్పటి భారత నౌక 'జమ్నా', రెండు ఆస్ట్రేలియా నౌకలు కలిసి విశాఖ దగ్గరే ముంచాయి. అంతకు రెండేళ్ల ముందు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. యుద్ధం మన గడప తొక్కడం 1971లో కొత్త కాదు.

ఘాజీ దగ్గరికి డైవర్లను తీసుకెళ్లిన నౌక పేరు 'నిస్తార్'. నిస్తారం అంటే దాటించడం, గట్టెక్కించడం. అదే పేరుతో 118 మీటర్ల కొత్త డైవింగ్ నౌకను మన హిందూస్థాన్ షిప్‌యార్డు కట్టింది. 2025 జూలై 18న అది ఇక్కడే నౌకాదళంలో చేరింది. నెహ్రూ 1948లో 'జల ఉష'ను నీళ్లలోకి వదిలిన యార్డు అదే. మునిగిన జలాంతర్గామి నుంచి మనుషులను కాపాడే పనిలో కొత్త నిస్తార్ ఆధారనౌక.

తొలితరం అధికారులంటే కృష్ణన్ ఒక్కరేనా?

కాదు. కృష్ణన్ కథ రుచిగా ఉంటుంది కాబట్టి ఆయన పేరు నిలిచింది, మిగతావి జారిపోతున్నాయి. ఈ ప్రశ్న నేనే పిల్లల చేత అడిగిస్తాను.

స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు పదకొండేళ్ల దాకా మన నౌకాదళానికి అధిపతి బ్రిటిష్ అధికారే. 1958 ఏప్రిల్ 22న ఆ పదవిలో కూర్చున్న తొలి భారతీయుడు రామదాస్ కటారి. చెంగల్పట్టులో పుట్టారు, డఫరిన్ శిక్షణ నౌకలో మొదటి జట్టు కాడెట్. ఆయన హయాంలోనే, 1961 మార్చి 4న, విక్రాంత్ బెల్‌ఫాస్ట్‌లో మన జెండా ఎగరేసింది. పదేళ్ల తరువాత ఏ నౌకను కాపాడటానికి కృష్ణన్ అంత నాటకం ఆడారో అది కటారి కాలంలో వచ్చినదే.

1971 నవంబరు 1న, యుద్ధానికి నెల రోజుల ముందు, తూర్పు నౌకా శ్రేణి (ఈస్టర్న్ ఫ్లీట్) ఏర్పడింది. దాని మొదటి అధిపతి రియర్ అడ్మిరల్ ఎస్‌హెచ్ శర్మ, మన పొరుగున ఒడిశా మనిషి. నెల వయసున్న శ్రేణితో యుద్ధం చేసి గెలిచారు. వందో ఏట అడుగుపెట్టాక 2022 జనవరిలో కన్నుమూశారు. బాయిలర్ బీటలు వారిన విక్రాంత్‌ను నడిపిన కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కు మహావీర చక్ర దక్కింది. ఆ దిగ్బంధంలో 'బియాస్' నౌకకు కెప్టెన్‌గా ఉన్న ఎల్. రామదాస్ తరువాత నౌకాదళాధిపతి అయ్యారు. ఆయన పదవిలో ఉండగానే, 1992లో, మహిళలను అధికారులుగా తీసుకోవడం మొదలైంది. విశ్రాంత జీవితాన్ని భారత్, పాకిస్తాన్ ప్రజల మధ్య స్నేహానికి ధారపోశారు, 2004లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. యుద్ధం దగ్గర నుంచి చూసినవాడే శాంతి విలువ గట్టిగా చెప్పగలడని ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది.

సరిహద్దు నదుల్లో జరిగిన పోరు గురించి తక్కువమందికి తెలుసు. కమాండర్ ఎంఎన్ సామంత్ జలాంతర్గామి నడిపిన మనిషి, 'కరంజ్'కు తొలి కెప్టెన్. 1971లో ఆయన బెంగాల్ నదుల్లో బంగ్లా యువకులకు ఈతగాళ్ల యుద్ధం నేర్పించే పనిలో, చిన్న గన్‌బోట్లతో మంగ్లా, ఖుల్నాల వైపు దూసుకెళ్లిన దాడిలో ముందు నిలిచారు. ఆ దాడిలోనే గాయపడి కూడా తోటివాళ్లను నీళ్లలోంచి కాపాడిన లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ అధికారి కాదు, సాధారణ నావికుడు. ఇద్దరికీ మహావీర చక్ర వచ్చింది. వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు భుజం మీద బంగారు గీతలు ఉన్నవాళ్ల దగ్గరే ఆగిపోకూడదని ఈ పేరు తప్పకుండా చెబుతాను.

కురుసుర లోపల ఏం చూడాలి? పిల్లలు పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తున్నారు.

తొందర పడనివ్వకండి. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన దళంలో చేరిన నౌక ఇది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకుంది, మరుసటి ఏడాది నుంచి ప్రదర్శనశాల అయింది. పొడవు 91 మీటర్లు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లడానికి గుండ్రటి తలుపులు ఉంటాయి. ముందు ఒక కాలు, తరువాత తల, ఆ తరువాత రెండో కాలు పెట్టాలి. మా పిల్లల్లో పొడుగువాడు ఎప్పుడూ నుదురు కొట్టుకుంటాడు.

ముందు గదిలో టార్పెడోల పక్కనే నావికుల పడకలు చూడండి. ఒక మనిషి పక్కకు తిరగడానికి కూడా చోటు లేదు. డెబ్బైమందికి పైగా మనుషులు నూనె వాసన మధ్య, ఎండ మొహం చూడకుండా వారాల తరబడి ఇందులో బతికారు. అక్కడ వివరించేవాళ్లలో చాలామంది జలాంతర్గాముల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాళ్లే. బోర్డు మీద రాసింది చదవడం ఆపి వాళ్లను అడగండి. ఒకసారి మా అమ్మాయి ఒకరు "స్నానం ఎలా చేసేవారు?" అని అడిగితే, ఆ పెద్దాయన నవ్వి "తల్లీ, చేసేవాళ్లం కాదు" అన్నారు. మంచినీళ్లు తాగడానికీ వంటకూ సరిపోతే చాలు. అప్పటిదాకా కిచకిచలాడుతున్న పిల్లలు ఆ మాటకు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు.

మోహరింపు అంటే యుద్ధం రాబోతోందనా?

కాదు. చాలా మోహరింపులు యుద్ధం రాకుండా ఉండటానికే. సముద్రం మీద ఎక్కడ ఎవరు తిరుగుతున్నారో తెలియాలంటే అక్కడ మన నౌక ఉండాలి. విపత్తు వచ్చాక బయలుదేరితే చేరేసరికి రోజులు పడుతుంది. అందుకే 2017 నుంచి మలక్కా జలసంధి వంటి కీలక చోట్ల నౌకలను ఎప్పుడూ ఉంచే పద్ధతి పెట్టారు. 2019 జూన్ నుంచి గల్ఫ్ ప్రాంతంలో వాణిజ్య నౌకల రక్షణకు 'ఆపరేషన్ సంకల్ప్' నడుస్తోంది. పాక్ జలసంధిలో 'ఆపరేషన్ తాశా' 1990ల ఆరంభం నుంచి ఉన్నదే.

కొన్నిసార్లు మాత్రం కదలికే హెచ్చరిక. 1999లో కార్గిల్‌లో యుద్ధం సాగుతుండగా ఇక్కడి తూర్పు శ్రేణి నౌకలు అరేబియా సముద్రానికి వెళ్లి పశ్చిమ శ్రేణితో కలిశాయి. ఒక్క తూటా పేల్చకుండానే అవతలివాళ్ల రేవులకు భయం పుట్టించాయి. విశాఖ ఇళ్లలో ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఉన్నారు. నాన్న ఎక్కడికి వెళ్లాడో అమ్మకే తెలియదు, పిల్లలకు ఎలా చెబుతుంది?

హిమాలయాల్లో కూడా నౌకాదళం ఉందట, నిజమా?

నిజం. 2020లో గల్వాన్ ఘర్షణ తరువాత నౌకాదళానికి చెందిన పీ-8ఐ విమానాలు లడఖ్ మీద నిఘాకు ఎగిరాయి. సముద్రం అడుగున జలాంతర్గామిని వెతికే కళ్లు మంచుకొండల మీద సైన్యం కదలికలు చూశాయి. నౌకాదళ మార్కోస్ కమాండోలు పాంగాంగ్ సరస్సు దగ్గరికి వెళ్లారు. కశ్మీర్‌లోని వులర్ సరస్సులో వాళ్లు 1990ల నుంచే ఉన్నారు. ఈ విమానాల ప్రధాన గూడు అరక్కోణంలోని 'రాజాలి', అది కూడా విశాఖ కమాండ్ కిందిదే. బీచ్‌లో మీరు చూసే టీయూ-142 వీటికి ముందుతరం. 29 ఏళ్లలో దాదాపు 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది ఆ జట్టు.

స్థావరాల పేర్లు తెలుగువిలా ఉన్నాయి. ఎందుకు?

తెలుగువే కాబట్టి. విమాన స్థావరం 'డేగ' అచ్చమైన తెలుగు మాట. మీరు విశాఖ విమానాశ్రయంలో దిగిన రన్‌వే ఆ డేగదే. జలాంతర్గాముల శిక్షణ కేంద్రం 'శాతవాహన', భీమిలి దగ్గరిది 'కళింగ', నౌకల గ్యాస్ టర్బైన్ల మరమ్మతుకు 'ఏకశిల'. 'సర్కార్స్' అంటే మన ఉత్తర సర్కారులు.

నేవీ డే డిసెంబరు 4నే ఎందుకు? ఈసారి బీచ్‌లో విన్యాసాలు ఉంటాయా?

ఘాజీ కోసం అనుకుంటారు చాలామంది. ఆ తేదీ కరాచీ మీద మన క్షిపణి పడవలు చేసిన 'ఆపరేషన్ ట్రైడెంట్' గుర్తుగా పెట్టినది. రెండు సంఘటనలూ ఇరవైనాలుగు గంటల తేడాలో జరగడం వల్ల వచ్చిన పొరపాటు.

ప్రధాన వేడుక ఇప్పుడు ఏడాదికొక చోట జరుగుతోంది. 2022లో రాష్ట్రపతి సమక్షంలో విశాఖలో, తరువాత సింధుదుర్గ్, పూరీ, తిరువనంతపురంలో జరిగింది. కాబట్టి బయలుదేరే ముందు పత్రికలో చూసుకోండి. ఆ రోజు బస్సులు ఎక్కడో ఆపేస్తారు, పిల్లలకు మంచినీళ్లు వెంట తెచ్చుకోండి.

మా అమ్మాయి చేరవచ్చా?

చేరవచ్చు, అధికారిగానూ, అగ్నివీర్‌గానూ. అధికారులకు శిక్షణ కేరళలోని ఎళిమలలో, అగ్నివీర్‌లకు ఒడిశాలోని చిల్కాలో. వయసు, చదువు నిబంధనలు మారుతుంటాయి, ప్రకటన వచ్చినప్పుడు చూసుకోండి. ఇంట్లో ఎవరైనా వెనుకాడితే ఒక్క ఉదాహరణ చెప్పండి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తరిణి' అనే తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు భూగోళం చుట్టి రావడానికి బయలుదేరారు. 2018 మే 21న తిరిగి వచ్చారు. వాళ్లలో ఒకరు మన విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, మరొకరు హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య.

1971 నాటి రాత్రిని చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారా?

ఉన్నారు, తగ్గిపోతున్నారు. మా అమ్మకు అప్పుడు పద్నాలుగేళ్లు, పెదవాల్తేరులో ఉండేవాళ్లు. దీపం వెలుగు బయటికి పొక్కకుండా కిటికీలకు నల్ల కాగితం అంటించుకున్నారట. ఆ రాత్రి ఇల్లంతా ఒక్కసారి ఊగింది, అటక మీద ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. భూకంపమనుకుని మా తాతయ్య అందరినీ వాకిట్లోకి లాగారు. సముద్రం వైపు ఏమీ కనిపించలేదు, చీకటే. గిన్నెలు ఎందుకు మోగాయో వాళ్లకు వారం తరువాత రేడియోలో తెలిసింది.

గత మూడేళ్లుగా మా పిల్లలకు సెలవుల్లో ఇచ్చే పని ఇదే: పెదజాలారిపేట, డాక్‌యార్డు క్వార్టర్లు, పాత ఊరు తిరిగి, అరవై దాటినవాళ్లను ఆ రాత్రి గురించి అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని రావాలి. ఇప్పటికి నలభై ఒక్క కథలు వచ్చాయి. మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లది వాటిలో లేకపోతే ఈ ఆదివారమే అడిగి రాయండి.